ల్యాప్‌టాప్‌కు ర్యామ్ వేయించే ముందు: ఎంత పడుతుంది, ఎంత చాలు

కాలేజీలు తెరిచే రోజుల్లో, పలకల ఊరైన మన మార్కాపురం కంప్యూటర్ షాపులకు రెండు రకాల జనం వస్తారు. ఇంజినీరింగ్ సీటొచ్చిన పిల్లలకు కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఒక రకం. అన్న నాలుగేళ్లు వాడి వదిలేసిన దాన్నే తమ్ముడికో చెల్లెలికో పనికొచ్చేలా చేయించుకునేవాళ్లు రెండో రకం. ఈ రెండో రకం వాళ్ల నోట తరచూ వినబడే మాట: "అన్నా, ర్యామ్ ఎంత పడితే అంత ఏసెయ్." షాపతను బిల్లు రాసేలోపు తెలుసుకోవాల్సినవి కొన్నున్నాయి. కృత్రిమ మేధ సర్వర్ల కోసం మెమరీ చిప్పులు అటు తరలిపోవడంతో 2025 రెండో సగం నుంచి ర్యామ్ ధరలు మండిపోయాయి. మైక్రాన్ కంపెనీ అయితే క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే ర్యామ్ వ్యాపారాన్నే మానుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. అక్కర్లేని ర్యామ్ వేయించుకోవడం ఎప్పుడూ దండగే, ఇప్పుడు మరీ దండగ.

1. ముందు జబ్బేదో తేల్చుకోండి

"మరీ నిదానంగా ఉంది" అన్న ప్రతి ల్యాప్‌టాప్‌కూ ర్యామే మందు కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ అన్న చోటికి వెళ్లండి. రోజూ చేసే పనులన్నీ తెరిచిపెట్టి, పది నిమిషాలు గమనించండి. మెమరీ అన్న అంకె 85, 90 శాతం దాటి అక్కడే కూర్చుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. మెమరీ సగమే నిండి, డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తుంటే తప్పు డిస్కుది. నిమిషానికి 5400 చుట్లు తిరిగే పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే వచ్చే తేడా, ఆ మెషీన్‌కు ఎంత ర్యామ్ వేయించినా రాదు. మెమరీ, డిస్కు రెండూ నిండిపోయి ఉంటే మాత్రం సంగతి వేరు. ర్యామ్ చాలక విండోస్ తన సామాను కొంత డిస్కు మీదికి దించి, అవసరమైనప్పుడు మళ్లీ ఎక్కిస్తూ ఉంటుంది. అప్పుడు ర్యామ్ పెంచితే డిస్కు కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

మూడో జబ్బు వేడి. మెమరీ, డిస్కు రెండూ ఖాళీగానే ఉన్నా ఫ్యాను రొద పెడుతూ, మెషీన్ ఈడ్చుకుంటూ నడుస్తుంటే లోపల దుమ్ము పట్టి ఉంటుంది. పలకల మిల్లుల దగ్గర ఇల్లో ఆఫీసో ఉన్నవాళ్లకు ఈ అవస్థ తొందరగా వస్తుంది. రాతిపొడి సన్నగా ఉండి ఫ్యాను రెక్కల్లో, రాగి గొట్టం చివరి జల్లెడలో అట్టకడుతుంది. ప్రాసెసర్ మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. ముందు శుభ్రం చేయించండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను గిరగిర తిరగకుండా పుల్లతో ఆపి పట్టుకోమనండి. పరుపు మీద పెట్టి వాడే అలవాటుంటే మానండి, కింద గట్టిగా చదునుగా ఏదైనా ఉండాలి. మన ఊళ్లో చదునైన రాయికి కొదవా?

2. ర్యామ్ వేరు, డిస్కు వేరు

పలకల ఊళ్లో ఈ సంగతి చెప్పడం తేలిక. ర్యామ్ పలక, డిస్కు నోటుపుస్తకం. లెక్క చేసేది పలక మీద, దాచుకునేది పుస్తకంలో. పలక చిన్నదైతే చెరిపి రాసుకోవడంతోనే పొద్దుపోతుంది. అంచేత "512 జీబీ ఉంది కదా, ఇంకా ఎందుకు నిదానం?" అని అడిగితే, ఆ 512 డిస్కు సంగతి. పెన్‌డ్రైవ్ గుచ్చినా, మెమరీ కార్డు వేసినా ర్యామ్ పెరగదు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు పంచిన ట్యాబులకు కూడా కార్డు వేసుకోవచ్చుగానీ ర్యామ్ పెంచే వీల్లేదు.

ఇప్పటికీ మనం వాడే ర్యామ్ పద్ధతి ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌ది. 1966లో ఆలోచన తట్టింది, 1968లో పేటెంటు వచ్చింది. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ కలిస్తే ఒక బిట్. ఆ కెపాసిటర్‌లో దాచిన విద్యుత్తు కారిపోతూ ఉంటుంది కాబట్టి మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు దాన్ని మళ్లీ నింపుతూ ఉండాలి. సరఫరా ఆగిన క్షణం రాసిందంతా పోతుంది. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌ను కేవలం ప్లగ్గు మీద నడిపేవాళ్లు కరెంటు పోయినప్పుడల్లా పని పోగొట్టుకునేది ఇందుకే. వాళ్లు ముందు కొనాల్సింది బ్యాటరీ.

3. అసలు మార్చే వీలుందా?

సన్నటి, తేలికపాటి మోడళ్లలో ర్యామ్ చిప్పుల్ని మదర్‌బోర్డుకే అతికించేస్తారు. పేరులో ఎల్‌పీడీడీఆర్ అని ఉంటే దాదాపుగా అతికించినదే. యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లో మొదట్నుంచీ ఇదే పద్ధతి. 2020లో ఎం1 చిప్ వచ్చాక ర్యామ్ ఏకంగా ప్రాసెసర్ ప్యాకేజీలోకే చేరింది. వీటిని కొనేటప్పుడు ఎంత తీసుకుంటే జన్మంతా అంతే.

మీదేదో తెలియకపోతే టాస్క్ మేనేజర్‌లోనే మెమరీ మీద నొక్కి కింద చూడండి. ఫార్మ్ ఫ్యాక్టర్ అన్న చోట ఎస్‌ఓడిమ్ అని ఉంటే ఊడదీసే స్టిక్. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అతికించిన చిప్పులు. స్లాట్స్ యూజ్డ్ అన్న చోట రెండింట్లో ఒకటి అని కనిపిస్తే ఒకటి ఖాళీ అన్నమాట. ఈ చివరి అంకెను మాత్రం పూర్తిగా నమ్మకండి. అతికించిన ర్యామ్‌ను కూడా అది స్లాటుగానే లెక్కేస్తుంది. బోర్డు మీద గుర్తులుండి సాకెట్ బిగించని మోడళ్లూ ఉంటాయి. అడుగు మూత తెరిచి కళ్లతో చూసిందే నిజం.

4. పరిమితి ఒక్కటి కాదు, నాలుగు

గరిష్ఠంగా ఎంత పడుతుందన్న ప్రశ్నకు నాలుగు చోట్ల నాలుగు జవాబులుంటాయి. ప్రాసెసర్ ఎంత మోయగలదు, బోర్డు మీద స్లాట్లెన్ని, ఒక్కో స్లాటుకు ఎంత పెద్ద స్టిక్ ఎక్కుతుంది, లోపలున్న విండోస్ ఎంత చూడగలదు. నాలుగింట్లో ఏది తక్కువైతే అదే మీ పరిమితి. షాపులో గొడవలన్నీ వీటిలో ఒక్కటే చూసి రావడం వల్ల వస్తాయి.

"అబ్బాయా, నా దాంట్లో 32 పడుద్దంట. నెట్లో చూసొచ్చా."

"ప్రాసెసర్‌కు పడుద్ది పెద్దాయనా. మీ బోర్డుకు రెండే స్లాట్లు, ఒక్కోదానికి ఎనిమిదికి మించి ఎక్కదు. పదహారే."

ఆ అబ్బాయి చెప్పింది నిజం. మూడో తరం ఇంటెల్ ఐ5-3320ఎం గరిష్ఠంగా 32 జీబీ అని ఇంటెల్ తన జాబితాలో రాసింది. అదే ప్రాసెసర్‌తో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ430కి లెనోవో చెప్పింది మాత్రం 16. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. నాలుగు స్లాట్లున్న పెద్ద మెషీన్లలో ఆ తరం ప్రాసెసర్లు 32 మోస్తాయి, రెండు స్లాట్ల దాంట్లో 16తో ఆగిపోతాయి.

5. ప్రాసెసర్ నంబరు రాసుకోండి

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పూర్తి పేరు ఉంటుంది. ఆ నంబరు ఇంటెల్ లేదా ఏఎండీ సైటులో వెతికితే మ్యాక్స్ మెమరీ సైజ్ అన్న వరస కనబడుతుంది. పనికొచ్చే కొన్ని అంకెలు ఇక్కడే ఇస్తున్నా. చవక ల్యాప్‌టాపుల్లో వచ్చే సెలెరాన్ ఎన్4020కి 8 జీబీ. నాలుగో తరం ఐ5-4210యూకి, ఐదో తరం ఐ5-5200యూకి 16. ఎనిమిదో తరం ఐ5-8250యూకి 32. పదకొండో తరం ఐ5-1135జీ7కి 64.

6. స్టిక్ సైజుకూ ఒక గీత ఉంది

పాత డీడీఆర్3 రకం ర్యామ్‌లో 16 జీబీ స్టిక్కులు ఆలస్యంగా వచ్చాయి. నాలుగో తరం, అంతకు ముందు ఇంటెల్ ప్రాసెసర్లకు వాటిలోని చిప్పులు అర్థం కావు. కాబట్టి నాలుగో తరం ల్యాప్‌టాప్‌కు ఒకటే స్లాటుంటే 8, రెండుంటే 16. అంతకు మించి ఎవరు ఆశపెట్టినా నమ్మకండి.

7. 32-బిట్ విండోస్ ఉంటే అక్కడే ఆగుతుంది

పాత మెషీన్లలో, ముఖ్యంగా డీటీపీ సెంటర్లలో, ఇప్పటికీ 32-బిట్ విండోస్ నడుస్తుంటుంది. 32 బిట్లతో రాయగలిగే చిరునామాలు 2ను 32 సార్లు హెచ్చవేసినన్ని, అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ఒక్కో బైటుకు ఒక్కో చిరునామా చొప్పున అది సరిగ్గా 4 జీబీ. అందులోనూ కొంత భాగం గ్రాఫిక్స్‌కు, ఇతర పరికరాలకు పోగా మీకు మిగిలేది 3, 3.5 మధ్య. అలాంటి మెషీన్‌కు 8 వేయిస్తే సగం పైన నిద్రపోతుంది. అబౌట్‌లోనే సిస్టమ్ టైప్ దగ్గర 32 అని ఉందో 64 అని ఉందో చూడండి. 32 నుంచి 64కు మారాలంటే విండోస్ కొత్తగా ఎక్కించాల్సిందే, ఉన్నదాని మీద మార్చడం కుదరదు. ఫైళ్లన్నీ వేరే చోట దాచుకోండి. అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్, పాత ప్రింటరు డ్రైవర్లు కొత్తదాంట్లో పనిచేస్తాయో లేదో ముందు కనుక్కోండి. పండగ ముందు ఫ్లెక్సీల సీజన్లో ఈ పని పెట్టుకోవద్దు.

64-బిట్‌లోనూ పాత విండోస్ 7కు గీతలున్నాయి. హోమ్ బేసిక్‌కు 8 జీబీ, హోమ్ ప్రీమియంకు 16. విండోస్ 10, 11 హోమ్‌లకు 128 దాకా ఉంది, మనకు చింత లేదు.

8. కంపెనీ చెప్పిన అంకెను ఎంతవరకు నమ్మాలి

మోడల్ విడుదలైన రోజున దొరికే స్టిక్కులతో పరీక్షించి కంపెనీ తన అంకె రాస్తుంది. తర్వాత పెద్ద స్టిక్కులు వచ్చినా ఆ కాగితం మారదు. థింక్‌ప్యాడ్ టీ480కి లెనోవో రాసింది 32 అయినా, తర్వాత వచ్చిన 32 జీబీ స్టిక్కులు రెండు వేసి 64తో నడుపుకుంటున్నవాళ్లు ఉన్నారు. అలాగే 4 జీబీ అతికించి, ఒక స్లాట్ ఇచ్చి, గరిష్ఠం 12 అని రాసిన మోడళ్లు కొన్నింటికి 16 స్టిక్ కూడా ఎక్కి మొత్తం 20 అవుతుంది. ఎక్కకపోతే అడిగే దిక్కు లేదు. నా సలహా: కంపెనీ అంకె దాటాలనుకుంటే, పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటామని షాపతను ఒప్పుకున్నాకే దాటండి. లేదంటే కంపెనీ గీత లోపలే ఉండండి.

9. రకం తప్పితే స్లాటులోకే పోదు

డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. గాటు ఉండే చోటు ఒక్కోదానికీ వేరు, అందుకే ఒకదాని చోట ఇంకొకటి దిగదు. దిగకపోతే బలవంతం చేయకండి. డెస్క్‌టాప్ ర్యామ్ 13 సెంటీమీటర్ల పైన పొడుగుంటుంది, ల్యాప్‌టాప్‌ది దాదాపు అందులో సగం. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని డెస్క్‌టాప్‌ది తెప్పించుకునేవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నా.

10. లేబుల్ చదవడం నేర్చుకోండి

ఉన్న స్టిక్‌ను తీసి వెలుతురులో పట్టుకుంటే తెల్ల లేబుల్ మీద ఇలా ఉంటుంది: 8జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ4-3200. మొదటిది సైజు. రెండోది చిప్పులు అమర్చిన తీరు. పీసీ పక్కనున్న 4 అంటే డీడీఆర్4. చివరిది వేగం. కొన్నిటి మీద అదే వేగాన్ని 25600 అని రాస్తారు, కంగారుపడొద్దు. 3200ను 8తో హెచ్చవేస్తే 25600, అంటే సెకనుకు ఇన్ని మెగాబైట్లని. పాతవాటి మీద పీసీ3-12800 అని ఉంటే డీడీఆర్3, 1600 వేగం.

ఇక్కడ ఒక్క అక్షరం కొంప ముంచుతుంది. పీసీ3 అంటే 1.5 వోల్టులు, పీసీ3ఎల్ అంటే 1.35 వోల్టులు. నాలుగో తరం యూ రకం ప్రాసెసర్లకు ఎల్ ఉన్నదే కావాలి. ఎల్ లేనిది వేస్తే చూడ్డానికి అచ్చం అలాగే ఉండి, స్లాటులో హాయిగా కూర్చుని, మెషీన్ మాత్రం ఆన్ కాదు. ఎల్ ఉన్న స్టిక్ 1.5 వోల్టుల మెషీన్లలో కూడా పనిచేస్తుంది. అందుకని సందేహం వస్తే ఎల్ ఉన్నదే కొనండి.

వేగంలో అంత పట్టింపు అక్కర్లేదు. 2400 మెషీన్‌కు 3200 స్టిక్ వేస్తే అది 2400కే నడుస్తుంది. రెండు వేర్వేరు వేగాల స్టిక్కులుంటే రెండూ తక్కువదాని వేగానికి దిగుతాయి.

11. ఒక 8 మేలా, రెండు 4లు మేలా?

రెండు సమానమైన స్టిక్కులుంటే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి అందుకుంటుంది. దీన్ని డ్యూయల్ చానెల్ అంటారు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాపుల్లో, అంటే మన ఇళ్లలో ఉండే చాలావాటిలో, గేములప్పుడు, వీడియో ఎడిటింగ్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. అలాగని ఉన్న 4 తీసి పారేసి రెండు 8లు కొనక్కర్లేదు. 4 పక్కన 8 వేస్తే చాలా ఇంటెల్ మెషీన్లు ముందు 8 జీబీని, అంటే రెండు వైపులా నాలుగేసి, జంటగా వాడుకుని మిగిలిన 4ను ఒంటిదారిలో వాడుకుంటాయి. ఖర్చు తక్కువ, ఫలితం దాదాపు అంతే. ఈ 12 జీబీ ఏర్పాటే నాకు అన్నిటికన్నా గిట్టుబాటుగా కనిపిస్తుంది.

12. ఎవరికెంత చాలు

విండోస్ 11 కనీసం 4 జీబీ అడుగుతుంది. ఆ 4తో మెషీన్ ఆన్ అవుతుందిగానీ పని జరగదు. మీసేవ దరఖాస్తులు, పలకల ఎక్స్‌పోర్టు ఆఫీసుల్లో ట్యాలీ, ఇంట్లో పిల్లల ఆన్‌లైన్ పాఠాలు, రైతు భూమి రికార్డులు చూసుకోవడం, వీటికి 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంటే పుష్కలం. అనులో టైపు చేసి పేజ్‌మేకర్‌లో కరపత్రాలు కొట్టేవాళ్లకు అంత కూడా అక్కర్లేదు.

పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోల లెక్క వేరే. ఫొటోషాప్‌కు కనీసం 8, సిఫార్సు 16 అని అడోబీయే చెబుతోంది. పన్నెండు అంగుళాల షీటులో ఇరవై లేయర్లు పెట్టి, పక్కన బ్రౌజర్‌లో పాట పెట్టుకునేవాళ్లకు 16 కన్నా తక్కువ పనికిరాదు. ఇంజినీరింగ్ పిల్లల్లో ఆండ్రాయిడ్ స్టూడియో నేర్చుకునేవాళ్లకూ అంతే. సీ, పైథాన్ మొదటి ఏడాది ప్రోగ్రాములకు 8 చాలు. "సీఎస్ఈలో చేరాడు, 32 కావాలంట" అని ఎవరో చెప్పారని అప్పు చేయకండి. ఖాళీ స్లాటున్న మోడల్ అయితే, రెండో ఏడాదిలో నిజంగా అవసరమైనప్పుడు పెంచుకోవచ్చు.

13. కొనకముందు చేయదగ్గ పైసా ఖర్చులేని పని

టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అన్న చోట మెషీన్‌తో పాటే లేచి కూర్చునే ప్రోగ్రాములుంటాయి. అక్కర్లేనివాటిని డిసేబుల్ చేయండి. క్రోమ్ సెట్టింగుల్లో మెమరీ సేవర్ ఆన్ చేయండి. రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసేయండి. ఈ మూడింటితోనే కొందరికి సమస్య తీరిపోతుంది.

14. ఎక్కడ కొనాలి, ఎలా కొనాలి

ఊళ్లోనే దొరికితే ఊళ్లోనే కొనండి. నాలుగు రూపాయలు ఎక్కువైనా తేడా వస్తే వెళ్లి అడగడానికి మనిషుంటాడు. అరుదైన రకం కావాలంటే ఒంగోలు, అక్కడా లేకపోతే సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. హైదరాబాదులో ఉండే పిల్లలెవరైనా పండక్కి వస్తుంటే చెప్పి పంపండి, కాకపోతే పాత స్టిక్ లేబుల్‌ను రెండు వైపులా ఫొటో తీసి పంపండి. నోటి మాటతో చెప్పి పంపితే తప్పే వస్తుంది.

వాడిన ర్యామ్ కొనడానికి జంకక్కర్లేదు. ఇందులో తిరిగే భాగాలేమీ లేవు, అరగదు. డీడీఆర్3 అయితే కొత్తదానికన్నా పెద్ద కంపెనీల ఆఫీసు ల్యాప్‌టాపుల నుంచి తీసిన పాతదే నమ్మకం. నకిలీ లేబుళ్ల బెడద కొత్తవాటికే ఎక్కువ. ఏదైనా సరే, షాపులోనే వేయించి, టాస్క్ మేనేజర్‌లో సైజు, వేగం చూసుకుని, సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకుని కదలండి. మంచి కంపెనీలు ర్యామ్‌కు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి, ఆ బిల్లుంటేనే.

15. ల్యాప్‌టాప్ వారంటీలో ఉంటే

మూత తెరిచి ర్యామ్ వేయిస్తే వారంటీ ఉంటుందో పోతుందో కంపెనీ కస్టమర్ కేర్‌ను మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోన్లో చెప్పిన మాట తర్వాత అక్కరకు రాదు.

16. మీరే బిగించుకుంటే

కష్టమైన పనేం కాదు, తొందర పనికిరాదంతే. మూత వేసి నిద్రపుచ్చితే చాలదు, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. చార్జర్ తీయండి. బ్యాటరీ బయటికి వచ్చేదైతే తీసేయండి, లోపల ఉండేదైతే మూత తెరిచాక ముందు దాని తీగ ఊడదీయండి. ఆ తర్వాత పవర్ మీట పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన విద్యుత్తు పోతుంది.

మన పడమటి గాలి ఎండాకాలంలో ఎముకలా ఆరి ఉంటుంది. పాలిస్టర్ చొక్కా, రెక్సిన్ కుర్చీ ఉంటే ఒంట్లో చేరిన స్టాటిక్ చిప్పును చంపేయగలదు, మనకు చురుక్కుమని కూడా తెలియదు. నూలు బట్టలు వేసుకుని, చెక్కబల్ల మీద పెట్టుకుని, రంగు లేని కిటికీ ఊచను ఒకసారి ముట్టుకుని మొదలుపెట్టండి.

అడుగు మరలు అన్నీ ఒకే పొడుగుండవు. తీసిన వరసలోనే ఒక కాగితం మీద ఎక్కడివి అక్కడ గుచ్చిపెట్టుకోండి. పొడుగు మరను పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకు చిల్లు పడుతుంది. రబ్బరు బుడిపెల కింద కూడా మరలుంటాయి. మూత అంచుల్ని పాత ఏటీఎం కార్డుతో విప్పండి, స్క్రూడ్రైవర్ దూర్చొద్దు.

స్టిక్‌కు అటూ ఇటూ ఉన్న రెండు లోహపు కొక్కేల్ని ఒకేసారి బయటికి జరిపితే అదే పైకి లేస్తుంది. కొత్తదాన్ని అంచులతో పట్టుకుని, గాటు సరిచూసుకుని, ఏటవాలుగా స్లాటులోకి తోయండి. బంగారు రంగు పిన్నులు దాదాపు కనబడకుండా పోవాలి. అప్పుడు కిందికి వంచితే రెండు వైపులా టిక్కుమంటుంది. ఒకవైపే టిక్కుమంటే సగమే కూర్చుందన్నమాట, తీసి మళ్లీ పెట్టండి.

17. ఆన్ చేస్తే నల్ల తెర వస్తే

వెంటనే కంగారుపడకండి. కొత్త ర్యామ్‌ను చూసి మెషీన్ మొదటిసారి తనను తాను సర్దుకుంటుంది. డీడీఆర్5లో అయితే దీనికే నిమిషాలు పట్టవచ్చు, తెర నల్లగానే ఉంటుంది. ఐదు నిమిషాలైనా రాకపోతే, లేదా కూతలు పెడుతున్నా, క్యాప్స్‌లాక్ దీపం మెరుస్తున్నా, స్టిక్ తీసి మళ్లీ కూర్చోబెట్టండి. వాడినది అయితే పిన్నుల్ని పిల్లల తెల్ల రబ్బరుతో మెత్తగా తుడిచి, పొడి ఊదేయండి. గరుకు రబ్బరు వాడితే పూత పోతుంది. అప్పటికీ రాకపోతే పాత స్టిక్ ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత కొత్తది ఒక్కటే. తప్పు స్టిక్‌దో స్లాటుదో ఆ రెండు మార్పుల్లో తేలిపోతుంది.

18. వేసినంతా కనబడకపోతే

8 వేస్తే 7.8 వాడకానికి అని చూపించడం మామూలే, మిగతాది గ్రాఫిక్స్ తీసుకుంది. ఏఎండీ మెషీన్లు కొన్ని ఏకంగా 2 జీబీ పక్కన పెట్టుకుంటాయి. అది బయాస్‌లో తగ్గించే వీలుంటే తగ్గించుకోవచ్చు. సగానికి సగం మాయమైతే మాత్రం స్టిక్ సరిగ్గా కూర్చోలేదు, లేదా విండోస్ 32-బిట్‌ది.

19. ఒక రాత్రి పరీక్ష పెట్టండి

స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్ అని వెతికి నడపండి. ఇంకా గట్టిగా చూడాలంటే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి పడుకోండి. పొద్దున ఒక్క తప్పు చూపించినా ఆ స్టిక్ వెనక్కి ఇచ్చేయండి. నడుస్తోంది కదా అని ఊరుకుంటే, ఎప్పుడో ముఖ్యమైన ఫైలు పాడైనప్పుడు కారణం దొరకదు.

20. పాత మెషీన్, విండోస్ 10

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ర్యామ్ ఎంత పెంచినా పాత ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 అర్హత రాదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే జాబితాలో ఉన్నవి దాదాపు అన్నీ ఎనిమిదో తరం, ఆ తర్వాతవే. ఐదో తరం మెషీన్‌కు 16 వేయించే డబ్బుతో 8, ఎస్‌ఎస్‌డీ వేయించి లినక్స్ మింట్ ఎక్కించుకుంటే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. తెలుగులో లినక్స్ కోసం పనిచేసిన స్వేచ్ఛ సంస్థ చిన్న పిల్లల కోసం బాలస్వేచ్ఛ కూడా తెచ్చింది. బడి పిల్లల చేతికిచ్చే పాత మెషీన్లకు ఇలాంటివి సరిపోతాయి.

21. తీసిన స్టిక్ అడిగి తెచ్చుకోండి

అది మీ సొమ్ము. షాపతను అడగందే ఇవ్వకపోవచ్చు. కొత్తదాని ప్లాస్టిక్ పెట్టెలోనే పెట్టి, బిల్లుతో పాటు బీరువాలో ఉంచండి. ఇంకో ఇంట్లో అదే రకం మెషీన్ ఉంటే దాని ఖాళీ స్లాటుకు పనికొస్తుంది, లేదా కొత్తది కొనేటప్పుడు మార్పిడికి ఇస్తే కొంత తగ్గిస్తారు. ల్యాప్‌టాప్‌ను కంపెనీ సర్వీసుకు పంపేటప్పుడు మాత్రం మీరు కొన్న స్టిక్ తీసి ఇంట్లో పెట్టుకుని, పాతదే బిగించి పంపండి.